విభూతి పట్టిన వైకింగ్ కడియం

"చీకటి పడగానే పడవలు వెనక్కి పిలిపిస్తాను, మిస్టర్ రావు. తప్పుగా అనుకోకండి. ఊరు దాటి పారిపోయిన మనిషి కోసం సరస్సు గాలించమని నేనెవర్నీ అడగలేను."

సార్జెంట్ ఐలీన్ డోలన్ ఆ మాట అనడానికి గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది ప్రైవేటు డిటెక్టివ్ కొండల్ రావుకి. అరిచే పోలీసుతో వాదించవచ్చు. ఇలా జాలిగా మాట్లాడే పోలీసు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటుంది.

"పారిపోలేదు మేడమ్, మా చెల్లె అట్లాంటిది కాదు," అంది, ఆయన్ని సాయానికి పిలిపించి తలుపు దగ్గర నిలబడ్డ అనురాధ. ఇంగ్లీషులో మొదలుపెట్టిన మాట మధ్యలోనే తెలుగులోకి జారిపోయింది. "అంకుల్, మీరన్నా చెప్పుండ్రి. రెండు రాత్రులైంది. ఈ చలిల..."

డబ్లిన్‌లోని బోమాంట్ ఆసుపత్రిలో నర్సు ఆమె. చలి మనిషి ఒంటిని ఏ వరసలో పట్టుకుంటుందో ఆమెకి వివరంగా తెలుసు. తెలియకపోతేనే నయమయ్యేది.

ఐర్లండ్ మధ్యలో ఉన్న అత్లోన్‌లోని ఆ అద్దె ఇంట్లో, మేడ మీది ఈ చిన్న గది అనురాధ చెల్లెలు శ్రావ్యది. శ్రావ్య పురావస్తుశాస్త్రంలో పీజీ చేస్తోంది. ఊరికి ఉత్తరాన ఉన్న లాక్ రీ సరస్సు ఒడ్డున, ఫెర్గల్ టర్లీ అనే ఆసామి పొలంలో జరుగుతున్న తవ్వకాల్లో పనిచేస్తోంది. వెయ్యేళ్ళ కిందట నార్వే నుంచి వచ్చిన వైకింగులు షానన్ నది మీదుగా ఓడల్ని లోపలిదాకా తెచ్చుకుని, ఆ సరస్సు ఒడ్డున దిగి, చుట్టుపక్కల మఠాలన్నీ దోచుకున్నారు. ఆ పొలంలో వాళ్ళ విడిది తాలూకు ఆనవాళ్ళు బయటపడుతున్నాయి. శనివారం పొద్దున శ్రావ్య తవ్వకాల వాళ్ళ చిన్న పడవ తీసుకుని ఒక్కతే సరస్సు మీదికి వెళ్ళింది. ఆదివారం ఆ పడవ ఖాళీగా కొట్టుకొచ్చింది. అప్పట్నుంచి వెతుకుతున్నారు.

ఇవాళ సోమవారం. పొద్దున ఇదే గదిలో, గోడ బీరువాలో, వైకింగులనాటి వెండి కడియం ఒకటి దొరికింది. దాంతో కథ తిరగబడింది. పడవని ఖాళీగా వదిలేసి, మునిగిపోయిందని అందర్నీ నమ్మించి, అమ్మాయి రైలెక్కి ఉంటుందని గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, అనుకుంటున్నారు.

"ఒకసారి ఆ కడియం చూపిస్తారా?" అడిగాడు కొండల్ రావు.

ఐలీన్ సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. ఆయన జేబురుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకుని, కిటికీ దగ్గరికి జరిగాడు. నవంబరు వెలుతురు అప్పటికే పల్చబడుతోంది. మూడు దాటి ఎంతోసేపు కాలేదు, ఇంకో గంటన్నరకి చీకటే.

మెలితిప్పిన తాడులాంటి బరువైన దండకడియం. రెండు లావుపాటి వెండి తీగల్ని పెనవేసి చివర్లు సుత్తితో కొట్టి కలిపారు. అక్కడక్కడ కత్తి గాట్లు. మెలికల మీది భాగం తళతళలాడుతోంది. మెలికల లోపల మాత్రం తెల్లని పొడి కూరుకుపోయి ఉంది.

"ఆ గాట్లు వైకింగులవేనట," అంది ఐలీన్. "వెండి చేతికొస్తే అసలుదో నకిలీదో కత్తితో గాటు పెట్టి చూసుకునేవాళ్ళట. మ్యూజియం అతనికి ఫోటో పంపిస్తే దాదాపు ఏడ్చాడు. దీన్నెవరో పాలిష్ చేసి పాడుచేశారట. ఇంకో మాట. ఇది తవ్వకాల్లో దొరికిన వస్తువుల్లో లేదు. అక్కడెవరూ దీన్ని చూడలేదు. అంటే ఆ అమ్మాయి ఎక్కడో తవ్వి, ఎవరికీ చెప్పకుండా దాచుకుంది."

"ఆ తెల్లపొడి ఏంటో అడగరేం గురువుగారూ?"

మెట్ల మీంచి వచ్చిన ఆ గొంతు వినగానే కొండల్ రావు తల తిప్పకుండానే నవ్వాడు. ఒకప్పుడు ఆయన దగ్గరే డిటెక్టివ్ పని నేర్చుకుని, చెప్పాపెట్టకుండా సొంత దుకాణం తెరిచిన బుచ్చిబాబు. భీమవరం మనిషి. డబ్లిన్‌లో తెలుగువాళ్ళ పెళ్ళి సంబంధాల వాకబుల దగ్గర్నుంచి అన్నీ తనే చేస్తాడు. ఈ కేసులో అతన్ని పెట్టుకున్నది పొలం యజమాని ఫెర్గల్. పొద్దున కడియం సంగతి గార్డులకి ఫోన్ చేసి చెప్పిందీ బుచ్చిబాబే.

"నువ్వే చెప్పు బుచ్చీ. చెప్పాలని పైదాకా ఎక్కి వచ్చినవు గద."

"విభూతండీ. అచ్చమైన విభూతి. మేడమ్ ఏదో సున్నం అనుకుంటంటే నేనే చెప్పాను, ఇది మా ఇండియన్స్ వెండి తోముకునే బూడిదండీ అని. ఇప్పుడు చెప్పండి, ఈ ఊళ్ళో విభూతితో వెండి తోమేది ఎవరండీ? ఐరిష్ వాడా? ఆ పిల్ల దొంగిలించింది, మెరుగు పెట్టుకుంది, దాచుకుంది. అంతే కదా?"

"నువ్వన్నదాంట్ల సగం నిజం."

"ఆ మిగతా సగం మీరు పూర్తిచేసేలోపు సాయంత్రమైపోద్ది లెండి. నేను కిందకెళ్ళి సిగరెట్టు కాల్చుకుంటా." బుచ్చిబాబు అనురాధ వంక చూసి, చూపు తిప్పుకుని, మెట్లు దిగిపోయాడు. ఆ చూపు తిప్పుకోవడం కొండల్ రావు గమనించాడు. సిగ్గుపడటం ఇంకా పూర్తిగా మర్చిపోలేదు వీడు, అనుకున్నాడు. అదీ ఒకందుకు మేలే.

విభూతి అన్న మాట నిజమే. కొండల్ రావు భార్య శాంత గురువారం సాయంత్రం వెండి కుందులూ, కుంకుమ భరిణె, హారతి పళ్ళెం కింద పరుచుకుని కూర్చునేది. తడిగుడ్డ, చిటికెడు విభూతి. ఎంత కడిగినా చెక్కడపు పని లోపల తెల్లని గీత మిగిలేది. ఆవిడ పోయాక ఆ గీతల్ని తుడవబుద్ధికాక ఆయన అలాగే ఉంచేశాడు.

"అనురాధా, మీ చెల్లె వెండి తోముతుందా బిడ్డా?"

"తోముడా?" ఆ కళ్ళనీళ్ళ మధ్యే అనురాధకి చిన్న నవ్వు వచ్చింది. "పోయిన శ్రావణంల మా నాయనమ్మ భరిణెను నేను తోమితే రెండు రోజులు నాతోని మాట్లాడలే అంకుల్. 'దాని వయసంతా గీకి సింక్‌ల పోసినవ్ అక్కా' అన్నది. తవ్వకాలల్ల ఏది దొరికినా మట్టి కూడ దులుపరంట. అట్లనే పెట్టెల పెట్టి పంపుతరంట."

కొండల్ రావు ఆ మాటలు సార్జెంట్‌కి ఇంగ్లీషులో చెప్పాడు. "విన్నారుగా, తెలుగు చెయ్యే తోమింది. కానీ పాత వస్తువు విలువ తెలియని చెయ్యి. ఈ కడియం అమ్మితే లక్షలొస్తాయని తెలిసిన దొంగ, దాన్ని సగం విలువకి దించుకోదు. పురావస్తు విద్యార్థి అయితే కలలో కూడా తోమదు."

ఐలీన్ ఒక్క క్షణం ఆలోచించింది. "మంచి వాదనే. కానీ వాదన చూపించి నేను పడవల్ని ఆపలేను."

"గంట టైమివ్వండి."

"అరగంట. అక్కడున్నవాళ్ళంతా వాలంటీర్లు. ఫెర్గల్ టర్లీ అయితే పాపం నిన్నట్నుంచీ కన్ను మూయలేదు. ఉత్తరం వైపు మొత్తం ఆయనొక్కడే తిరుగుతున్నాడు, ఇంకెవర్నీ రానివ్వట్లేదు, అక్కడ రాళ్ళున్నాయి మీకు తెలీదు అని."

"చాలా మంచాయన అంకుల్," అంది అనురాధ. "నిన్న రేవు కాడ నేను వణుకుతుంటే తన కోటు తీసి నాకు కప్పిండు."

కొండల్ రావు వంగి బీరువా లోపల చూశాడు. కింది అరలో బూట్లు. పై అరలో బట్టలు, ఒక పట్టుచీర. కడియం ఎక్కడ దొరికిందని అడిగాడు. పట్టుచీర మడతలో, అంది ఐలీన్. లావుపాటి కోటు మాత్రం లేదు. వెళ్ళేటప్పుడు కోటు వేసుకుని వెళ్ళింది. పోనీలే, అంతవరకు మేలే, అనుకున్నాడు.

*

ఇల్లు లీజుకి తీసుకున్నది శ్రీధర్, గిరిజాకుమారి దంపతులు. శ్రీధర్ మందుల కంపెనీలో డ్యూటీకి వెళ్ళాడు. గిరిజాకుమారి వంటింట్లో స్టవ్ ముందు నిలబడి ఉంది. స్టవ్ మీద ఏమీ లేదు.

"అమ్మా, కొంచెం కాఫీ దొరుకుతదా?"

"అయ్యో, అడగాలాండీ అంకుల్ గారూ! కూర్చోండి." పని దొరికినందుకు ఆమె మొహంలో కాస్త తెరిపి కనబడింది.

గిన్నెలు పెట్టుకునే అల్మరాని ఇక్కడ ప్రెస్ అంటారు. ఆ ప్రెస్‌లో ఒక అర దేవుళ్ళకి ఇచ్చారు. ఐర్లండ్ అద్దె ఇళ్ళలో పొగ అలారం మోగకుండా దీపం పెట్టుకోవాలంటే ఇలాంటి ఏర్పాట్లే గతి. లోపల లక్ష్మీదేవి పటం, రెండు వెండి కుందులు, చిన్న గంట. కుందుల మీది పూలచెక్కడంలో సన్నని తెల్లగీతలు. పటం ముందు వాడిన చామంతులు వృత్తంగా పేర్చి ఉన్నాయి. మధ్యలో ఏదో గుండ్రటి వస్తువు పెట్టి తీసినట్టు ఖాళీ.

కొండల్ రావు కాఫీ కప్పు అందుకుని, ఒక గుక్క తాగి, మెల్లగా అన్నాడు. "బాగుందమ్మా. మా శాంత పెట్టినట్టే ఉంది. ఆమె కూడ వెండికి విభూతే వాడేది. బయట దొరికే పేస్టులు వాడితే దేవుడికి వాసనొస్తదని ఊకోకపోతుండె."

గిరిజాకుమారి చేతిలోని చెంచా సింక్‌లో పడింది.

"ఎవరికోసం పెట్టినవమ్మా కడియాన్ని దేవుడి ముందట?"

ఆయన తొందరపెట్టలేదు. కాఫీ తాగుతూ కూర్చున్నాడు.

"ఆ పిల్ల కోసమేనండీ," అంది చివరికి, కొంగుతో మొహం కప్పుకుని. "నిన్న పొద్దున అనురాధ ఫోన్ చేసి, దాని కోటు ఉందో లేదో చూడండి ఆంటీ అంటే బీరువా తీశాను. బూట్ల పక్కన నల్లగా మసిబట్టి కడియం. తాతలనాటి వెండేమో, పాపం హాస్టళ్ళల్లో తిరిగే పిల్ల, తోముకోడానికి ఎక్కడ కుదురుద్ది అనుకున్నానండీ. శుభ్రంగా తోమి, అమ్మవారి ముందు పెట్టి, పిల్ల క్షేమంగా వస్తే నీకు కుంకుమపూజ చేయిస్తానమ్మా అని మొక్కుకున్నాను. రాత్రి పట్టుచీర మడతలో పెట్టేశాను. అదేదో వెయ్యేళ్ళదని, పాడుచేస్తే జైలని నాకేం తెలుసండీ? మాకు సిటిజన్‌షిప్ అప్లికేషన్ నడుస్తోంది. ఆయనకి తెలిస్తే నన్ను..."

"జైలు లేదు ఏం లేదు. ఆ పిల్లను నువ్వు కాపాడినవేమో తెల్వదు. ఇదే మాట ఇంగ్లీషుల సార్జెంట్‌కి చెప్పు. నేను పక్కనే ఉంట."

ఐలీన్ వచ్చి విన్నది. విని, తల అడ్డంగా ఊపింది. "తోమింది ఈమె అయితే, నల్లగా ఉన్నప్పుడు దాచింది ఆ అమ్మాయే కావచ్చుగా?"

"దాచుకున్న సొత్తుని బూట్ల పక్కన వదిలేసి ఎవరైనా పారిపోతారా? సరే, అది పక్కన పెట్టండి. బుచ్చిబాబు పొద్దున ఫోన్‌లో మీతో ఏమన్నాడు? వీలైతే అతని మాటల్లోనే చెప్పండి."

ఐలీన్ గుర్తు చేసుకుంది. "అద్దెకుండే అమ్మాయి గురించి అడగడానికి వచ్చాను, బీరువా తలుపు ఓరగా ఉంది, లోపల బూట్ల పక్కన నల్లటి కడియం కనిపించింది, తాడులా మెలితిప్పి ఉంది, నేను ముట్టుకోలేదు, మీరే వచ్చి తీసుకోండి అన్నాడు." చెబుతూ చెబుతూనే ఆమె మాట నెమ్మదించింది. "బూట్ల దగ్గర లేదు. నేనే వెతికి చీరలోంచి తీశాను. నల్లగానూ లేదు. సరిగా చూసి ఉండడనుకున్నాను."

"బాగానే చూశాడు. కానీ ఇవాళ కాదు. బూట్ల పక్కన, నల్లగా, ఆ కడియం ఉన్నది ఈమె తోమడానికి ముందు. అంటే ఆదివారం పొద్దుటికి ముందే అతను దాన్ని చూశాడు. అప్పటికి ఆ అమ్మాయి కనిపించడం లేదని ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు."

కుర్చీ వెనక్కి జరుపుకుని లేచింది ఐలీన్.

"ఒక్క నిమిషం మేడమ్," అంది సార్జెంట్ వెనకే వంటింట్లోకి వచ్చిన అనురాధ. "శుక్రవారం రాత్రి ఫోన్‌లో శ్రావ్య ఒక మాట చెప్పింది. అందరూ ఒడ్డు తవ్వుతున్నారు గానీ వైకింగులు నేలని నమ్మేవాళ్ళు కాదట. ఎక్కడికి పోయినా నీళ్ళనే నమ్ముకున్నారట. దోచిన వెండీ, పట్టుకున్న మనుషులూ దీవుల మీదే ఉంచేవాళ్ళట, గోడలు కట్టే పనుండదని. ఉత్తరాన పాడుబడ్డ చర్చి ఉన్న చిన్న దీవిని ఒకసారి చూసొస్తానంది."

"ఇది ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఫెర్గల్‌కి చెప్పాను. ఆ దీవి తనే రెండుసార్లు చూశానన్నాడు."

ఐలీన్ అప్పటికే ఫోన్‌లో రేవు దగ్గరి మనిషితో మాట్లాడుతోంది. గాలింపు ఆపొద్దు. అన్ని పడవలూ ఉత్తరం వైపు దీవులకి వెళ్ళాలి. ముందు చర్చి ఉన్న దీవికి. వైర్‌లెస్‌లో అందరికీ ఇప్పుడే చెప్పండి. సిగ్నల్ సరిగా లేక ఆమె మాట్లాడుతూనే వీధిలో ఉన్న కారు దగ్గరికి నడిచింది. అనురాధ వెనకే పరిగెత్తింది.

కొండల్ రావు గుండెల్లోంచి ఒక బరువు దిగినట్టయింది. పాడుబడ్డా చర్చి చర్చే. రాతిగోడ ఒకటి నిలిచి ఉంటే గాలిని ఆపుతుంది. లావుపాటి కోటుంది. రెండు రాత్రులు... బతకవచ్చు.

*

పెరటి తలుపు తోసుకుని బుచ్చిబాబు లోపలికి వచ్చాడు. "ఏంటి, మేడమ్ గారు అలా పరిగెడుతున్నారు? మిగతా సగం పూర్తిచేశారా గురువుగారూ?"

"అయిపోవచ్చింది. శనివారం సాయంత్రం యాడున్నవ్ బుచ్చీ?"

"డబ్లిన్‌లోనండీ. మా ఆవిడ సీరియల్ చూస్తంటే పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నా. ఎందుకండీ, మా ఆవిడ నంబరివ్వమంటారా?"

"అబద్ధం," అంది గిరిజాకుమారి.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ప్రెస్ తలుపు తెరిచి, పప్పు డబ్బాల వెనక నుంచి ఒక అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. పూతరేకుల పెట్టె.

"శ్రావ్యకి బాబాయినండీ, గాల్వే వెళ్తా దారిలో దిగాను, ఈ స్వీటు మీకు, ఈ పొట్లం పిల్ల గదిలో పెట్టొస్తానని శనివారం సాయంత్రం మేడ ఎక్కాడండీ ఈయన. మళ్ళీ ఇవాళ పొద్దున డిటెక్టివ్‌నంటూ దిగబడ్డాడు. నోరు తెరిస్తే కడియం తోమి పాడుచేసింది నువ్వేనని చెప్పేస్తా, మీ పాస్‌పోర్టు కలలు కల్లలే అన్నాడు. అన్నావా లేదా?"

"చూడండి చెల్లెమ్మా, మీరు కంగారులో..."

"ఎవర్రా నీకు చెల్లెమ్మ? మొన్న బాబాయివి, ఇవాళ అన్నవా? ఇంట్లో ఆడపిల్ల కనబడక మేం ఏడుస్తుంటే, నువ్విచ్చిన రేకుల్ని మా ఆయన టీలోకి నంజుకున్నాడు!"

బుచ్చిబాబు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. పెట్టె వంక చూసి, కుర్చీలో కూలబడ్డాడు.

"దొంగసొత్తు ఒకరి గదిల పెట్టుడు నేను నీకు నేర్పలే బుచ్చీ," అన్నాడు కొండల్ రావు. ఆయన గొంతులో కోపం లేదు. అదే బుచ్చిబాబుకి ఎక్కువ తగిలినట్టుంది.

"నేనేం చేశానండీ? క్లయింటు చెప్పింది చేశాను. ఆ పిల్ల సంచిలో దొరికింది, నా పొలంలో గొడవ వద్దు, దాని గదిలోనే దొరికినట్టు ఉంటే అందరికీ శుభ్రంగా ఉంటది అన్నాడు. వాళ్ళ దేశం మనిషివైతే లోపలికి రానిస్తారన్నాడు. దొంగేగా అనుకున్నా. దాని సొత్తు దాని గదిలోనే పెట్టానులే అనుకున్నా."

"ఫెర్గలేనా?"

"ఆయనేనండీ."

"కడియం పోతే ఆయనకి నష్టం గద?"

"నేనూ అడిగానండీ. ఇదొకటి పోతే ఏం, ఇంకా బోల్డున్నాయిలే అని నవ్వాడు."

కొండల్ రావు కప్పు కింద పెట్టాడు. తవ్వకాల వాళ్ళెవరూ చూడని కడియం. ఇంకా బోల్డు ఉన్నాయి. ఉత్తరం వైపు ఇంకెవర్నీ రానివ్వని మనిషి. ఆ దీవి మీద ఫెర్గల్ దొంగచాటుగా తవ్వుకుంటున్నాడు. ఆ పిల్ల పాఠం చదివి ఆలోచించి కనిపెట్టిన చోటికి ఇతను ముందే చేరాడు. శనివారం ఆమె అక్కడ దిగి గుంటలు చూసింది. పడవ తాడు ఎవరు విప్పారో మాత్రం చూసి ఉండదు. విడిపోయి కొట్టుకుపోయిందనే అనుకుంటుంది.

"శనివారం ఎక్కడ కలిసినవ్ ఆయన్ని? ఎట్లున్నడు?"

"సాయంత్రం, రేవు దగ్గరేనండీ. అప్పుడే సరస్సు మీంచి వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా తడిసి ఉన్నాడు. కడియం గుడ్డలో చుట్టి ఇచ్చాడు." బుచ్చిబాబు తల దించుకున్నాడు. ఇంకేదో ఉంది.

"చెప్పు బుచ్చీ."

"వెళ్తుంటే వెనక్కి పిలిచాడండీ. మామూలుగానే అడిగాడు, వాతావరణం గురించి అడిగినట్టు. 'మీ ఇండియా అమ్మాయిలకి ఈత నేర్పిస్తారా?' అని."

గిరిజాకుమారి ఒక చేత్తో నోరు మూసుకుంది.

"నువ్వేమన్నవ్?"

"మావాళ్ళకెక్కడొస్తదండీ అన్నాను." బుచ్చిబాబు మొహం చేతుల్లో దాచుకున్నాడు. "నవ్వుతానే అన్నానండీ. నాకేం తెలుసు? సత్యప్రమాణంగా నాకు తెలీదు గురువుగారూ."

కొండల్ రావు వాకిలి వైపు పరుగులాంటి నడకతో బయల్దేరాడు. గార్డుల పడవ ఒకటి ముందు వెళ్ళాలి. ఫెర్గల్‌ని ఆ దీవి దరిదాపులకి రానివ్వకూడదు. వైర్‌లెస్‌లో కాదు, ఫోన్‌లో చెప్పాలి... అప్పుడు తట్టింది ఆయనకి. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. అన్ని పడవలకీ చెప్పమన్న మాట, అన్ని పడవలకీ చేరి ఉంటుంది.

వీధి తలుపు దడాలున తెరుచుకుంది. ముందు అనురాధ, వెనక ఐలీన్. అనురాధ ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ ఒకేసారి.

"దొరికింది అంకుల్! బతికే ఉంది! మా శ్రావ్య బతికే ఉంది!"

ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. మంచులా ఉన్నాయి ఆమె వేళ్ళు.

"అనురాధ చెప్పిన దీవే," అంది ఐలీన్, మొహమంతా వెలిగిపోతూ. "చర్చి గోడ పక్కన నిలబడి చెయ్యి ఊపుతోందట. దూరం నుంచి ఇంకో పడవ వాళ్ళు చూశారు. వాళ్ళు చేరేలోపే ఫెర్గల్ దూసుకెళ్ళి దిగాడు. నీరసంగా ఉందట గానీ తన కాళ్ళ మీద తనే నడిచి వచ్చి పడవ ఎక్కిందట. ఎక్కగానే ఆయన్ని పట్టుకుని ఏడ్చేసిందట, పాపం."

"పడవలో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. ఆయనొక్కడే. ఏం?"

"మిగతా పడవ ఎంత దూరంలో ఉంది?"

"తూర్పు వైపు రాళ్ళున్నాయట, చుట్టూ తిరిగి రావాలట. దారి ఫెర్గలే చెప్పాడు... మిస్టర్ రావు, ఏమైంది మీకు?"

ఆయన ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగి, అనురాధకి వినపడకుండా మూడే ముక్కలు చెప్పాడు. ఐలీన్ మొహంలో వెలుగు ఒక్కసారిగా ఆరిపోయింది. చెయ్యి భుజానికున్న పోలీసు వైర్‌లెస్ సెట్ మీదికి వెళ్ళింది. నొక్కబోయేంతలో అదే గరగరమంది. రేవు దగ్గరి మనిషి పడవల వైర్‌లెస్‌ని తన పోలీసు సెట్‌కి దగ్గరగా పెట్టినట్టున్నాడు. గాలి హోరు, ఇంజను మోత, ఆ రెంటి మధ్య నెమ్మదైన మగగొంతు ఇల్లంతా వినబడింది.

"ఇక్కడ ఫెర్గల్. అమ్మాయి నా దగ్గర క్షేమంగా ఉంది. ఇంజను కాస్త సతాయిస్తోంది, ఒడ్డుకి రావడం ఆలస్యం కావచ్చు. ఎవరూ మాకోసం రానక్కర్లేదు. వాళ్ళక్కకి చెప్పండి, ఇక కంగారు పడొద్దని."

ఇంజను మోత ఆగిపోయింది. తర్వాత గాలి ఒక్కటే.

"ఫెర్గల్, ఎక్కడున్నారు? జవాబివ్వండి," అంది ఐలీన్. మళ్ళీ అంది. మూడోసారి అరిచింది. సెట్‌లోంచి ఏ జవాబూ లేదు.

అనురాధ ఇదేమీ పట్టించుకోలేదు. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ జోడించి, ఆ గొంతు వచ్చిన వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంటోంది.